చెవుడు చేసేదీ మీరే, చెవిటోడా అనేదీ మీరే

మా ఇంట్లో ఒక పంచాయితీ ఎన్నాళ్ళయినా తెగదు. నేను టీవీ పెట్టుకుంటే సౌండెక్కువంట. మా మనవడు పెండ్లికి పోయి, డీజే ముందర తెల్లవార్లూ ఎగిరి, చెవుల్లో గుయ్యిమంటావుందని చెప్పుకుంటా వస్తే అది మాత్రం ఎంజాయ్‌మెంటంట. నా టీవీ దగ్గరికి కోడలు వచ్చి "మామా, రవ్వంత తగ్గించండి" అని అడగ్గలదు. డీజేను తగ్గించమని అడిగే మొగోడు మాత్రం పలమనేరు నుంచి పుంగనూరు దాకా ఇంకా పుట్టలేదు.

నాకు వినికిడి తగ్గిందని ఊరంతా తెలుసు. తెలిసినాక ఏం చేయాల? ముందరికొచ్చి, మొఖం చూపించి, నిదానంగా చెప్పాల. ఎవురూ చెప్పరు. పక్కగదిలో నుంచి పిలుస్తారు, పలకలేదని తిట్టుకుంటారు, పలికితే "యాలబ్బా అరుస్తావు" అంటారు. డెబ్బయి దాటినోడికి ఇంట్లో ఇంతకంటే మర్యాద ఏం జరుగుతుందిలే.

నా సంగతి చెప్పాల కదా. మా గంగవరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఒకప్పుడు పెండ్లికీ, జాతరకూ, కర్మాంతరానికీ మైకుసెట్టు బాడుగకిచ్చినవాణ్ణి. అహూజా ఆంప్లిఫయరు, రికార్డుల పెట్టె, రెండు బాకాలు, కరెంటు లేని ఊరికి ఒక బ్యాటరీ. అన్నీ ఎద్దులబండి మీదేసుకొని పొయ్యేది. శబ్దం అమ్ముకొని సంసారం నడిపినోడికి శబ్దం గురించి మాట్లాడే హక్కు లేదంటాడు మా పెద్దోడు. నాకు తప్ప ఇంకెవురికీ లేదంటాను నేను.

మాకంటే ముందు బాకా కూడా లేదు. ద్రౌపదమ్మ గుడి ఉండే ఊర్లలో ఎండాకాలం భారతం పెట్టడం మా దిక్కు ఇప్పటికీ ఉంది. పద్దెనిమిది దినాలు పగటేళ హరికథ, రేత్రి నాటకం, మధ్యలో అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, కడాన దుర్యోధన వధ, నిప్పుల గుండం. నేను పిలకాయగా ఉన్నప్పుడు భీముడి వేషం కట్టినాయన వట్టి గొంతుతోనే పద్యం ఎత్తుకొనేవాడు. కడగొట్టు వరసలో ఈతచాప మీద ఒరిగిన ముసలమ్మకు కూడా మాట మాటా తెలిసేది. ఆయన గొంతు గొప్పదే, కాదనను. కానీ ఊరు గమ్మునుండేది. పక్కన ఇంకో మోత లేదు. లారీ లేదు, జనరేటరు లేదు, చేతిలో మోగే ఫోను లేదు. గొంతు పైకి లేచేదానికి చోటుండేది.

తర్వాత మేమొచ్చినాము. నేను బాకా కట్టింది ఎప్పుడూ చింతచెట్టు పైకొమ్మకే. ఊరికే కట్టలేదు. బయలులో శబ్దానికి ఒక లెక్క ఉంది, దూరం రెండింతలయితే 6 డెసిబెల్సు పడిపోతుంది. చెట్టెక్కించిన బాకా పక్క పల్లెకు వినపడతా ఉంటుంది, చెట్టు కింద తాంబూలం తీసుకొనే ముసలోళ్ళు మామూలుగా మాట్లాడుకుంటా ఉంటారు. ముప్పై వాట్ల పెట్టె, దాంతోనే ఊరికి పెండ్లి తెలిసేది. నిద్ర పట్టనీలేదని నన్ను తిట్టినోళ్ళు ఉన్నారు. చెవి పోయిందని ఒక్కడూ రాలేదు.

ఇప్పుడేమో ట్రాక్టరు ట్రాలీ మీద మనిషెత్తు పెట్టెలు గోడ మాదిరి పేరుస్తారు. నేలకు రెండడుగుల ఎత్తున, సరిగ్గా ఎగిరే పిలకాయల చెవులకు నేరుగా. వేల వాట్లు. కింద బేసు పెట్టెలు కొడితే రేకుల ఇంట్లో గిన్నెలు కదులుతాయి, చంటిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఆ ఏడుపు తల్లికి వినపడదు. గంగమ్మ జాతరకు మా కాలంలో పలకలు మంట మీద కాగబెట్టి కొట్టేవాళ్ళు. అది కూడా మోతే, ఒప్పుకుంటా. కానీ పలక కొట్టేవాడికి చేయి నొప్పి పుడుతుంది, దరువు మధ్యలో మంట దగ్గరికి పోవాల, బీడీ తాగాల. మనిషి కొట్టే వాయిద్యానికి విరామముంటుంది. జనరేటరుకు డీజిలు ఉన్నంతసేపూ అలుపే లేదు.

డెసిబెల్ లెక్క చాలామందికి తెలీదు. ఇది మామూలు కూడిక కాదు. 3 డెసిబెల్సు పెరిగితే శబ్దశక్తి రెండింతలైనట్టు. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్సు దాకా చెవి ఓర్చుకుంటుందని ఒక కొలత పెట్టుకున్నారు. అక్కడి నుంచి 3 పెరిగినప్పుడల్లా టైము సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 100 డెసిబెల్సుకు పావుగంట. డీజే పెట్టె ముందర 110 ఉంటే నిముషమున్నర. మా మనవడు ఎగిరేది రేత్రంతా.

చట్టం లేదా అంటే దివ్యంగా ఉంది. 2000 సంవత్సరంలోనే శబ్ద కాలుష్య నియమాలొచ్చినాయి. ఇండ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు కూడదు. పండగలకని రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాదిలో 15 రోజులు మించకుండా. 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది, రాత్రి పదయితే టపాసులు కాల్చకూడదని. ఇవన్నీ కాగితాల మీద పదిలంగా ఉన్నాయి. పన్నెండింటికి పోలీసు స్టేషనుకు ఫోను చేసి చెప్తే అవతలాయన "ఏడాదికొక్కసారి వచ్చే పండగ కదా పెద్దాయనా" అంటాడు. ఏడాదికొక్కసారి గంగమ్మ, ఇంకొక్కసారి వినాయకుడు, మరొక్కసారి ఎలక్షను, శ్రావణంలో వరసాగ్గా పెండ్లిండ్లు. ఒక్కసారి, ఒక్కసారి అంటానే ఏడాది నిండిపోతావుంది.

చెవి లోపల ఏం జరుగుతుందో వేలూరు సీఎంసీలో చెవి పరీక్ష చేసిన ఆడబిడ్డ బొమ్మ చూపించి చెప్పింది. మా దిక్కు వాళ్ళకు ఎప్పటి నుంచో పెద్దాసుపత్రి అంటే వేలూరే కదా. నత్తగుల్ల మాదిరి ఒక అవయవం. అందులో సుమారు 15 వేల రోమకణాలు, పుట్టినప్పుడు ఎన్నో అన్నే. పెద్ద మోత పడితే అవి ఏనుగు తొక్కిన వరికయ్య మాదిరి పడిపోతాయి. చిన్న మోతకు పడినవి మర్నాటికి లేస్తాయి, డీజే మర్నాడు చెవుల్లో గుయ్యిమనేది అదే. పదే పదే తొక్కితే ఇంక లేవవు. మనిషికి అవి మళ్ళీ మొలవవు. మోతకు ముందు పోయేది 4000 హెర్ట్జ్ దగ్గరుండే సన్నని శబ్దాలు. అందుకే మొదట్లో ఎవురికీ తెలియదు. మాట వినపడతానే ఉంటుంది, అర్థం కాదు.

ఇది వినపడేవాళ్ళకు ఎంత చెప్పినా తలకెక్కదు. అచ్చులు లావు శబ్దాలు, బాగానే వస్తాయి. హల్లులు సన్నవి, అవే జారిపోతాయి. మా ఇంటామె "పాలు" అంటుంది. నాకు వచ్చేది "ఆలు". అది పాలో, కాలో, చాలో నేను ఆమె పెదిమలు చూసి తేల్చుకోవాల. పొయ్యి వైపు తిరిగి చెప్పిందంటే పోయినట్టే. ఆడోళ్ళ గొంతు, చిన్నపిల్లల గొంతు సన్నగా ఉంటాయి కాబట్టి అవి ముందు పోతాయి. "పొరిగింటాయన చెప్తే వినపడుతుంది, నేను చెప్తే వినపడదా" అని పెండ్లాం దెప్పిపొడవడం ఈ దేశంలో ఎన్ని ఇండ్లలో ఉందో! పాపం మొగుడు తప్పించుకునేదానికి చేసే వేషం కాదమ్మా అది, నిజంగానే ఆ గొంతు అందదు.

ఇంకొకటి. మెల్లగా చెప్తే వినపడదు, సరే. అట్లని చెవి దగ్గర అరిస్తే గుండె అదురుతుంది. దెబ్బతిన్న చెవికి వినపడే శబ్దానికీ, ఓర్చుకోలేని శబ్దానికీ మధ్య జాగా తగ్గిపోతుంది. "వినపడదంటాడు, అరిస్తే చెవులు మూసుకుంటాడు, అంతా నాటకం" అని మా చిన్నకోడలు పుట్టింటికి ఫోనులో చెప్పిందంట. ఆ మాట మాత్రం నాకు బాగా వినపడింది, స్పీకరు ఆన్‌లో ఉండె.

మా రోజుల్లో చెవిటోళ్ళు లేరా అంటే, దండిగా ఉన్నారు. చెవి కారే పిలకాయలు ప్రతి వీధిలోనూ. బావిలో దూకి ఈదులాడేది, చెవిలో నీళ్ళు పొయ్యేది, చీము పట్టేది. అవ్వ వెల్లుల్లి కాచిన నూనె పోసేది. గుమిలి తీసేదానికి కోడి ఈక, తలపిన్ను, అగ్గిపుల్ల, ఏది దొరికితే అది. కర్ణభేరికి చిల్లి పడేది. మేనరికం ఇంకో పక్క. అక్క కూతురినే చేసుకోవాల, ఆస్తి బయటికి పోకూడదు. పుట్టుచెవుడుతో బిడ్డ పుడితే అమ్మవారి మీదికి తోసేసేది. ఈ విషయాల్లో మా రోజులు బంగారమని నేనెక్కడా చెప్పను.

మందులతో చెవులు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారికి చెవుడని ఎంతమందికి తెలుసు? పర్లాకిమిడి అడవుల్లో సవరల భాష నేర్చుకుంటా మలేరియా పడి, క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నాడు. 1863లో పుట్టి 1940లో పోయిన ఆ మనిషి పుట్టినరోజు ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. జనం నోట్లో ఉండే మాటే భాష అని వాదించినాయనకు ఆ మాట చెవిన పడేది కాదు. ఆ దినం సభలు జరుగుతాయి, దండలు వేస్తారు. ఆయన చెవుల సంగతి ఒక్కరూ ఎత్తరు.

మా పక్కన మదనపల్లె ఉంది కదా. ఆడ ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం వచ్చింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ మొదలుపెట్టింది. స్ట్రెప్టోమైసిన్ 1943లో కనిపెట్టినారు. ఆ సూదులు వచ్చేదాకా క్షయ అంటే మంచి గాలి, గుడ్డు, పాలు, దేవుడు. సూది ఊపిరి నిలబెట్టింది. దానికి ప్రపంచమంతా కొందరు రోగులు చెల్లించిన బాకీ ఏమంటే చెవుల్లో హోరు, నడిస్తే తూలు. చెవి లోపలే మనిషిని తూలకుండా నిలబెట్టే భాగం కూడా ఉంటుంది. ఆ జాతి మందులు రెంటినీ కొడతాయి. తర్వాత మొండి క్షయకు వాడిన కనామైసిన్ వినికిడికి ఇంకా చేటు. ఈ మధ్యనే, 2018 తర్వాత, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సూదిని పక్కనపెట్టి మాత్రలతోనే వైద్యం చేయమంది. ఈ కాలం చేసిన మంచిపని చూపించమంటే దీన్ని చూపిస్తా. ఇట్లాంటివి ఇంకా ఉంటే చెప్పండి, గొణగడం తగ్గిస్తా.

కానీ అప్పటి చెవిటోడికి ఊర్లో ఒక చోటుండేది, అది ఇప్పుడు లేదు. మా వీధిలో ఒక ముసలాయన ఉండేవాడు, బొత్తిగా వినపడదు. రచ్చబండ కాడ ఆయన్ను నడిమధ్యలో కూర్చోబెట్టేవాళ్ళు. ఎవురు ఏం చెప్పినా మొఖం ఆయన వైపు తిప్పి చేతులాడించి చెప్పేవాళ్ళు. ఎగతాళి చేయలేదా అంటే చేసినారు, "చెవిటి మామా" అనే పిలిచినారు. అన్నా కూడా మాట ఆయన్ను దాటి పోలేదు. ఇప్పుడు ఎగతాళి ఎవురూ చేయరు, నాగరికులం కదా. "ఏమన్నారు?" అని అడిగితే "ఏం లేదులే తాతా, నీకు కాదు" అంటారు. ఈ ఏడెనిమిదేండ్లలో నేను విన్న మాటల్లో నాకు బాగా అలవాటైపోయింది ఇదే. మనవడు ఫోనులోకి చూస్తా మాట్లాడతాడు, పెదిమలు కూడా అగుపడవు. అందరూ నవ్వితే నేనూ నవ్వుతా. ఎందుకు నవ్వినానో నాకే తెలియదు. కొన్నాళ్ళకు లేచి వసారాలోకి వచ్చేస్తా. అట్లా వచ్చేయడంతోనే అసలు జబ్బు మొదలవుతుందంట.

ఆ జబ్బు సంగతి డాక్టర్లు చానా ఏండ్లుగా చెప్తానే ఉన్నారు. వినపడనోడు నలుగురిలోకి పోడు. పోనోడికి దిగులు పట్టుకుంటుంది. మెదడు మాట పట్టుకునేదానికే సగం బలం ఖర్చు పెడుతుంది, జ్ఞాపకానికి మిగలదు. లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల సంఘం 2024లో మతిమరుపు జబ్బుకు, అదే డిమెన్షియాకు, మనం అడ్డుకోగలిగిన కారణాలు 14 తేల్చింది. అందులో పెద్ద వాటా ఉన్నవాటిలో చెవుడొకటి. 2023లో అమెరికా పరిశోధన ఒకటి వచ్చింది, 70 నుంచి 84 ఏండ్ల ముసలోళ్ళు సుమారు వెయ్యిమందితో. మొత్తం మీద చూస్తే చెవి మిషను పెట్టుకున్నవాళ్ళకూ పెట్టుకోనివాళ్ళకూ మూడేండ్లలో తేడా రాలేదు. కానీ మతి తగ్గే ముప్పు ఎక్కువున్న వాళ్ళలో మాత్రం ఆ తగ్గుదల దాదాపు సగం నెమ్మదించింది. చెవుడొచ్చిన ప్రతివాడికీ మతి పోతుందని కాదు. నాకు 1974లో ఏ పెండ్లికి ఎంత బాడుగ రావాల్సుందో ఇప్పటికీ నోటికి వస్తుంది. కావాలంటే బాకీదారుల పేర్లు చెప్తా.

చెవి లేకపోతే ప్రాణానికే చేటు అనేది మా ఊర్లో ఊరికే చెప్పే మాట కాదు. ఏనుగులుండే కౌండిన్య అడవి పక్కనే. రేత్రి చెరుకు తోటకో, అరటి తోటకో కాపలా పోతే మంచె మీద కండ్లతో పని తక్కువ, చెవులతోనే పని. ఏనుగు ఎంత లావుదైనా అడుగుల చప్పుడు రాదు. గెల విరిగిన చప్పుడు, చెరుకు నమిలే చప్పుడు, కడుపులో గురగుర. ఆ గురగుర పట్టుకొని, అది ఏ గట్టున ఉందో చెప్పి, పక్క మంచెవాడికి ఈలేసేవాళ్ళం. ఇప్పుడు టపాసులు కాలుస్తారు, సైరన్లు పెట్టినారు, కర్ణాటక నుంచి 2025లో మచ్చిక చేసిన కుంకీ ఏనుగులు కూడా తెప్పించినారు. అన్నీ మంచిదే. కానీ వినపడని రైతును ఒంటరిగా కాపలాకు పంపించే ఇండ్లు ఇంకా ఉన్నాయి, "ముసలోడికి నిద్ర పట్టదు కదా" అని.

టమోటా మండీలో చూడండి. పలమనేరో, పుంగనూరో, మదనపల్లెనో, యాడికి పోయినా వేలం పాడేవాడు బాక్సుల మధ్య నడుస్తా పరుగు మీద పాడతాడు. రేటు క్షణంలో పైకీ కిందికీ. వినపడని రైతు పక్కవాడి మొఖం చూసి ధర ఊహించుకోవాల. చీటీ చేతికొచ్చినాక తెలుస్తుంది ఎంతకు పోయిందో. బ్యాంకులో టోకెను నంబరు పిలుస్తారు, ఆసుపత్రిలో పేరు పిలుస్తారు, ఓటీపీ ఫోనులో చదవమంటారు. వెనక నుంచి కరెంటు స్కూటరు వస్తుంది, దానికి చప్పుడే లేదు. మోత ఉండాల్సిన చోట తీసేసి, అక్కర్లేని చోట పెట్టినారు ఈ కాలం ఇంజనీర్లు.

కూలికి పోయి చెవులు పోగొట్టుకునేవాళ్ళ సంగతి ఎవురు చెప్తారు? కుప్పం, చిత్తూరు చుట్టూ గ్రానైటు కోసే మిల్లులు, నగరి, పుత్తూరులో పవర్‌లూములు. మగ్గాల షెడ్డులోకి పోయి రండి, పక్కనున్నవాడితో సైగలతోనే మాట్లాడాల. చట్టం ప్రకారం శబ్దంతో వచ్చే చెవుడు తప్పకుండా సర్కారుకు తెలపాల్సిన వృత్తి జబ్బు. మా దిక్కు ఎంతమంది యజమానులు తెలిపినారో వాళ్ళనే అడగండి. కూలోడు చెవిలో దూది పెట్టుకుంటాడు. దూది మోతను ఆపదు, దానికి వేరే ప్లగ్గులుంటాయి, ధర ఎక్కువా కాదు.

ఇంక మిషను సంగతి. నలభయి దాటితే కండ్లద్దాలు పెట్టుకోవడానికి ఎవడికీ సిగ్గు లేదు, పైగా బంగారు ఫ్రేము. చెవికి మిషను పెట్టమంటే మాత్రం "అప్పుడే అంత ముసలోణ్ణయినానా" అంటారు. నేను పెట్టుకున్నా. సిగ్గెందుకు, మైకు, ఆంప్లిఫయరు, స్పీకరు మూడూ అందులో ఉన్నాయి, నా పాత సామానే చిన్నదై చెవి వెనకెక్కింది. మొదటి దినం అది కుయ్యిమని కూత పెట్టింది. ఇంట్లో అందరూ బెదిరిపోయినారు. నాకు నవ్వొచ్చింది. మైకు ముందరికి స్పీకరు వస్తే కూత రాక ఏమొస్తుంది? చెవిలో దూర్చే అచ్చు సరిగ్గా కూర్చోలేదు, శబ్దం బయటికి కారి మళ్ళీ మైకులో పడుతోంది. తీసి సరిగ్గా పెట్టినా, ఆగిపోయింది. పెట్టిన నాడే అంతా బాగైపోతుందనుకుంటే కుదరదు. ఫ్యాను హోరు, గిన్నెల చప్పుడు, సొంత అడుగుల చప్పుడు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. కొన్ని వారాలు ఓపిక పట్టాల, మళ్ళీ పోయి సరిచేయించుకోవాల. చాలామంది రెండు దినాలు పెట్టి బీరువాలో పారేస్తారు, "పనికిరాని సామాను" అని. ధరలా, అది వేరే ఏడుపు. మంచి మిషను జతకు ఒక పాడి ఆవు ఖర్చయిపోతుంది.

సర్కారు ఇవ్వదా అంటే ఇస్తుంది, కేంద్రం పథకం ఆడిప్ కింద క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. కానీ ముందు సదరం కాగితం, అంటే వైకల్యం సర్టిఫికెట్టు, కావాల. ఈడొక వింత చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మంచి చెవిలో 35 డెసిబెల్సు దాటి వినికిడి పోతే సాయం కావాల్సిన నష్టమంటుంది. మన 2016 వికలాంగుల చట్టం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 పోతే వినికిడి లోపం, 70 పోతే చెవుడు అంటుంది. నాది అరవైకి కొంచెం దిగువ. అంటే ఇంట్లో చెవిటోణ్ణి, సర్కారు లెక్కలో శుభ్రంగా వినపడేవాణ్ణి. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6 వేలయింది కదా, చెవిటోళ్ళమని దొంగ కాగితాలు తెచ్చుకున్నవాళ్ళూ తయారైనారు. 2025లో మళ్ళీ పరీక్షలు పెట్టినారు. మంచిదే, దొంగల్ని ఏరాల్సిందే. కానీ ఆ వరసలో నిజంగా వినపడని ముసలమ్మ కూర్చొని ఉంటే పేరు మైకులో పిలిచినారు. పలకలేదని తర్వాతి పేరుకు పోయినారు. పలకకపోవడం కంటే పెద్ద రుజువు ఇంకేం కావాలబ్బా!

ప్రపంచంలో 43 కోట్ల మందికి సాయం కావాల్సినంత చెవుడుందంట. 2050 నాటికి ఎంతో కొంత వినికిడి తగ్గేవాళ్ళు 250 కోట్లవుతారని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. వయసుతో వచ్చేది ఎట్లాగూ వస్తుంది, అరవై దాటినోళ్ళలో నాలుగో వంతు కంటే ఎక్కువమందికి వస్తానే ఉంది. నా కోపం దాని మీద కాదు. పాతికేండ్ల పిలకాయలు డెబ్బయేండ్ల చెవులు తెచ్చుకుంటా ఉండారు, దుడ్లిచ్చి మరీ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకొని బస్సు మోత మీద పాట వినాలని ఇంకా పెంచుతారు. పెద్దోళ్ళకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్సు లోపల ఉంటే చాలు, చెవికి మోసం లేదని కొలత ఉంది. ఫోనులోనే ఆ లెక్క చూపించే ఏర్పాటు కూడా ఉందని మా మనవడే చూపించినాడు. చూపించి, మళ్ళీ ఫుల్లు పెట్టుకున్నాడు.

మీ ఇంట్లో బిడ్డ పుడితే ఆసుపత్రి నుంచి వచ్చేలోపల చెవి పరీక్ష అడగండి. నిద్రపొయ్యే బిడ్డకు రెండు నిముషాల పని, సూది గుచ్చేది లేదు. ఏడాది లోపల తెలిస్తే మాటలు నేర్పించుకోవచ్చు, కాక్లియర్ ఇంప్లాంటుకు ప్రభుత్వ సాయం కూడా ఉంది. మూడేండ్లు వచ్చినా "వాళ్ళ నాయన కూడా ఆలస్యంగానే మాట్లాడినాడు" అని కూర్చోకండి. చెవి కారితే నూనె పోయకండి. పెద్దోళ్ళకు వినపడలేదని అనుమానమొస్తే ముందు గుమిలి ఏమన్నా ఉందేమో డాక్టరుకు చూపించండి, కొందరికి దాంతోనే సరిపోతుంది. ఇంట్లో మా మాదిరి ముసలోడుంటే టీవీ ఆపి, ముందరికొచ్చి, వెలుతురులో నిలబడి, నిదానంగా చెప్పండి. అరవొద్దు. "ఏం లేదులే" అనొద్దు.

జాతర కమిటీ వాళ్ళకూ ఒక మనవి. డీజే వద్దంటే మీరు వినరు, నాకు తెలుసు. పెట్టెలు నేల మీద నుంచి లేపి, జనానికి దూరంగా, ఎత్తు మీద కట్టించండి. పిలకాయల్ని పెట్టెల ముందర ఎగరనీకండి. పదింటికి ఆపమని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. రేత్రికి పోయి చెప్తే ఆ మోతలో వాళ్ళకు వినపడదు.